మిషిగన్‌లో పెద్ద పెరటితోటకు ఇంట్లోనే నారు పోయడం: ఏ విత్తనం ఎప్పుడు, ఎన్ని?

ప్రశ్న: నోవై పెరడు (నోవై, మిషిగన్)

అందరికీ నమస్కారం. మేము డెట్రాయిట్ శివార్లలోని నోవైలో ఉంటున్నాం. ఇంటి వెనక రోజంతా ఎండ పడే స్థలంలో సుమారు 1,500 చదరపు అడుగులు ఈ ఏడాది కూరగాయల తోటకు కేటాయించాం. జింకలు రాకుండా కంచె కట్టించడం, మట్టిలో కంపోస్టు కలపడం పోయిన శరదృతువులోనే అయిపోయాయి. ఇంతకాలం డెక్ మీద కుండీలలో నాలుగైదు మొక్కలు పెంచుకునేవాళ్లం, వాటికి కూడా మే నెలలో నర్సరీలో కొన్న నారే వాడేవాళ్లం. అక్కడ బెల్ పెప్పర్, హాలపీన్యో, బండలాంటి నల్ల వంకాయ తప్ప మన గుత్తి వంకాయ, సన్న పచ్చిమిర్చి, బీర, కాకర, గోంగూర నారు ఎక్కడా దొరకదు. అందుకని ఈసారి బేస్‌మెంట్‌లో మేమే నారు పోసుకోవాలని అనుకుంటున్నాం.

టమాటా, వంగ, మిరప, బెండ, గోంగూర, బీర, సొర, కాకర, చిక్కుడు, ఉల్లి, క్యాబేజీ మా జాబితాలో ఉన్నాయి. పండ్లలో పుచ్చ, కర్బూజా, స్ట్రాబెర్రీ పిల్లలు అడుగుతున్నారు. వీటిలో వేటికి లోపల నారు పోయాలి, వేటిని నేరుగా మట్టిలో విత్తాలి? ఫిబ్రవరిలోనే అన్నీ ఒకేసారి మొదలుపెట్టవచ్చా? దక్షిణం వైపు కిటికీ వెలుతురు సరిపోతుందా, లేక లైట్లు కొనక తప్పదా? మార్చిలో మా అత్తగారు విజయవాడ నుంచి వస్తూ విత్తనాలు తెస్తానంటున్నారు, దాని సంగతి కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: కాంటన్ తోటమాలి (కాంటన్, మిషిగన్)

అన్నీ ఒకేసారి మాత్రం వద్దండీ. నాటే రోజును ముందు ఖాయం చేసుకుని, అక్కడి నుంచి ఒక్కో పంటకూ వెనక్కి లెక్కపెట్టుకోవాలి. చాలామంది జోన్ నంబరు చూసి తేదీలు నిర్ణయిస్తారు, అది సరికాదు. అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) 2023లో సవరించిన పటంలో మన ప్రాంతం ఆరో జోన్ కిందికి వస్తుంది కానీ, ఆ అంకె చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతలను బట్టి ఇచ్చినది కనుక ఏ చెట్టు ఇక్కడి చలికి తట్టుకుంటుందో చెబుతుందే తప్ప వసంతంలో చివరి ఫ్రాస్ట్ (మొక్కలను మాడ్చే గడ్డమంచు) ఎప్పుడు పడుతుందో చెప్పదు. మన వైపు ఫ్రాస్ట్ భయం సాధారణంగా మే రెండో వారం దాటితే తగ్గుతుంది. అయినా వంగకు, మిరపకు అదొక్కటే చాలదు. రాత్రిపూట 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గకుండా ఉంటే తప్ప అవి వేరు పట్టి కదలవు, చలినేలలో నాటిన మొక్క చావదు, బతకదు, మూడు వారాలు అలాగే నిలబడిపోతుంది. అందుకే ఇక్కడివాళ్లు మెమోరియల్ డేని, అంటే మే చివరి సోమవారాన్ని, నాటే రోజుగా పెట్టుకుంటారు.

ఆ రోజు నుంచి వెనక్కి వెళితే మిరపకు తొమ్మిది, పది వారాలు కావాలి కనుక మార్చి మధ్యలో విత్తాలి. వంగకు ఎనిమిది వారాలు, అంటే మార్చి చివర. టమాటా త్వరగా ఎదుగుతుంది, ఆరు వారాలు చాలు. ఏప్రిల్ మధ్యకు ముందు దాని జోలికి పోకండి. బెండ, గోంగూర ఏప్రిల్ చివరి వారంలో, పాదు జాతులన్నీ మే మొదటి వారంలో వేస్తే సరిపోతుంది. క్యాబేజీ ఒక్కటే ఈ లెక్కకు రాదు. అది చలికి ఓర్చుకుంటుంది కాబట్టి మార్చి మొదట్లో విత్తి ఏప్రిల్ చివరికల్లా బయట నాటేయవచ్చు. తోటకూర, పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి నేరుగా మట్టిలో చల్లవలసినవి, వాటికి ట్రేలు దండగ.

పెద్ద తోట అనుకున్నప్పుడు విత్తనాల ఖర్చు ఎంతో కాదు, చోటే అసలు చిక్కు. దీని గురించి ముందే ఆలోచించుకోవాలి. బజారులో దొరికే 10×20 అంగుళాల ట్రేలో 72 గుంటలు ఉంటాయి. విత్తిన రోజున అన్ని మొక్కలూ ఆ ఒక్క ట్రేలోనే ఇమిడిపోతాయి కనుక ఇంకొకటి, మరొకటి అంటూ విత్తుకుంటూ పోవడం చాలా సులువు. కానీ బీజదళాల (గింజలోంచి మొదట వచ్చే ఆకుల) తర్వాత రెండు అసలు ఆకులు వచ్చేసరికి ఆ గుంటలు చాలవు. ఒక్కో మొక్కనూ మూడున్నర అంగుళాల కుండీలోకి మార్చవలసి వస్తుంది, అలాంటి కుండీలు అదే కొలత ట్రేలో 18 మాత్రమే పడతాయి. అంటే ఏప్రిల్ వచ్చేసరికి ఒక ట్రే నాలుగు ట్రేలవుతుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ర్యాక్ అరలో నాలుగు ట్రేలు పడతాయి. కాబట్టి ఒక అరకు 72 కుండీలు అని లెక్క వేసుకుని, మీ దగ్గర ఎన్ని అరలకు లైట్లుంటే అన్ని మొక్కలకే విత్తండి. నలుగురున్న ఇంటికి టమాటా పది, వంగ ఎనిమిది, మిరప పన్నెండు, బెండ ఇరవై మొక్కలు ధారాళంగా కాస్తాయి. మొలవనివి, చచ్చిపోయేవి ఉంటాయి కనుక ఆ అంకెకు సగం కలిపి విత్తితే చాలు. సొర రెండు పాదులు వేసుకోండి. మూడో పాదు వేస్తే ఆగస్టులో కాయలు పట్టుకుని ఇంటింటికీ తిరగాలి.

కిటికీ వెలుతురు చాలదు. మార్చిలో మన ఆకాశం సగం రోజులు మబ్బుగానే ఉంటుంది, గాజు పక్కన రాత్రి చలి కూడా ఎక్కువ. నారు వెలుగు వైపు వంగి, తెల్లగా, దారంలా సాగిపోతుంది, అలా సాగిన మొక్క తర్వాత ఎంత చేసినా బలం పుంజుకోదు. ఖరీదైన గ్రో లైట్లే కొనాలని లేదు. గరాజ్‌లో తగిలించే నాలుగడుగుల ఎల్‌ఈడీ షాప్ లైట్లు అరకు రెండు చొప్పున గొలుసులతో వేలాడదీసి, ఆకులకు నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తులో ఉంచండి, మొక్క పెరిగేకొద్దీ గొలుసును పైకి జరుపుకోవచ్చు. టైమర్ పెట్టి రోజుకు పద్నాలుగు నుంచి పదహారు గంటలు వెలిగిస్తే చాలు. రాత్రంతా వెలిగించి ఉంచవద్దు.

వెలుతురు మొలకెత్తిన తర్వాతి మాట, అంతకుముందు కావలసింది వేడి. మన బేస్‌మెంట్లు మార్చిలో 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటాయి. అంత చల్లని మట్టిలో మిరప గింజ వారాల తరబడి కదలకుండా పడి ఉంటుంది, కొన్నిసార్లు కుళ్ళిపోతుంది. అదే మట్టి 80 నుంచి 85 డిగ్రీలు ఉంటే వారం, పది రోజుల్లో తలెత్తుతుంది. ట్రే కింద వేసే హీట్ మ్యాట్ గది వేడి కంటే పది నుంచి ఇరవై డిగ్రీలు పెంచుతుంది, థర్మోస్టాట్ ఉన్నది కొని దాని తీగ చివరను మట్టిలోనే గుచ్చండి. మొలక కనిపించగానే మ్యాట్ మీద నుంచి తీసేయాలి, ఆ తర్వాత 65, 70 డిగ్రీలు చాలు.

జవాబు: షేడ్‌నెట్ నారు (గుంటూరు)

నమస్కారమండీ. మేము గుంటూరు దగ్గర షేడ్‌నెట్ (నీడనిచ్చే వల) కింద మిరప, వంగ, టమాటా నారు పెంచి రైతులకు ఇస్తాం. మీ చలికీ మా ఎండకూ పొంతన లేకపోయినా ప్రోట్రేలో నారు పెంచే పద్ధతి ఎక్కడైనా ఒకటే కనుక ఒకటి రెండు మాటలు చెబుతాను.

మేము 98 గుంటల ప్రోట్రేలను కోకోపీట్‌తో (కొబ్బరి పీచు పొట్టుతో) నింపి, గుంటకొక గింజ వేసి, పైన పలుచగా కోకోపీట్ చల్లి తడిపి, ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి ప్లాస్టిక్ షీటు కప్పేస్తాం. లోపల వేడి, తేమ నిలిచి ఐదారు రోజుల్లో మొలక వస్తుంది. మొదటి మొలకలు మట్టి పగలదీస్తుండగానే ట్రేలు విడదీసి వెలుతురులో పరచాలి, ఒక్కరోజు ఆలస్యమైనా నారు సాగిపోతుంది. మీకు ఇందులో పనికొచ్చేదేమిటంటే, మొలకెత్తే దాకా లైట్ల కింద చోటు అక్కర్లేదు. ఒకే హీట్ మ్యాట్ మీద ముందు మిరప, అది లేచాక వంగ, తర్వాత టమాటా పెట్టుకుంటూ పోవచ్చు.

నారు పోసేవాళ్లందరినీ ఏడిపించేది నారుకుళ్ళు తెగులు. సాయంత్రం నిటారుగా నిలబడ్డ మొక్క తెల్లవారేసరికి పక్కకు పడిపోయి ఉంటుంది. దగ్గరగా చూస్తే ఆకులు పచ్చగానే ఉంటాయి, మట్టిని తాకే చోట మాత్రం కాండం నీరు పట్టినట్టు మెత్తబడి దారంలా సన్నబడి ఉంటుంది. పిథియం, రైజోక్టోనియా వంటి శిలీంధ్రాలు, వాటిని పోలిన సూక్ష్మజీవులు దీనికి కారణం. అవి పాత మట్టిలో, కడగని ట్రేలలో, ఎప్పుడూ తడిగా ఉండే పైపొరలో పెరుగుతాయి. కాబట్టి తోట మట్టి ట్రేలలో వాడకండి. కోకోపీట్ లేదా పీట్‌లో పెర్లైట్, వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజ గుళికలు కలిపిన కొత్త మిశ్రమమే వాడండి. నీళ్లు పైన పోయకుండా అడుగు ట్రేలో పోసి, అరగంట పీల్చుకోనిచ్చి, మిగిలినవి పారబోయండి. అదీ ఉదయం పూటే, పైమట్టి రంగు తేలినప్పుడే. మొలక రాగానే ట్రే మూత తీసేసి, చిన్న ఫ్యాన్ నెమ్మదిగా తిరిగేలా పెడితే పైపొర ఆరుతుంది, కాండాలు కూడా గట్టిపడతాయి. మా వైపు విత్తే ముందు గింజకు ట్రైకోడెర్మా విరిడి (తెగులును అణిచే మేలైన శిలీంధ్రం) పట్టిస్తారు, అక్కడ దొరికితే మీరూ పట్టించవచ్చు. తెగులు వచ్చాక మాత్రం ఆ గుంటలోని మొక్కకు మందు వెతకడం వృథా, చుట్టుపక్కల గుంటలతో సహా తీసి పారేయడమే మంచిది.

ఇంకొక మాట. కోకోపీట్‌లో మొక్కకు తిండి దాదాపు ఏమీ ఉండదు. గింజలో ఉన్నది బీజదళాల వరకు సరిపోతుంది, అసలు ఆకులు వచ్చాక నీళ్లలో కరిగే ఎరువును డబ్బా మీద చెప్పిన దానిలో పావు వంతు పలచగా కలిపి వారానికొకసారి ఇవ్వండి. ఆకు లేత పసుపు తిరిగితే ఆకలిగా ఉందని, ముదురు పచ్చగా ఉండి మెత్తగా సాగుతుంటే ఎక్కువైందని గుర్తు.

జవాబు: ట్రాయ్ నుంచి (ట్రాయ్, మిషిగన్)

పై ఇద్దరూ చెప్పినవాటితో ఏకీభవిస్తూనే పాదు జాతుల విషయంలో కొంచెం విభేదిస్తాను. బీర, సొర, దోస, పుచ్చ వేర్లు కదిపితే ఓర్చుకోవు. లోపల మూడు వారాలు పెంచితే నులితీగలు పక్క కుండీని పట్టేసుకుంటాయి, విడదీసేటప్పుడు మొక్క విరుగుతుంది. సొర, దోస జూన్ మొదటి వారంలో మట్టి 70 డిగ్రీలకు చేరాక నేరుగా విత్తితే వారంలో మొలుస్తాయి, నాటిన వాటిని త్వరలోనే అందుకుంటాయి. కాకర, పొట్లలకు మాత్రం లోపల మొదలుపెట్టడం తప్పనిసరి, ఎందుకంటే వాటికి మొలవడానికే ఎక్కువ వేడి కావాలి. కాకర గింజ పెంకు గట్టిది. మొనదేలి ఉన్న చివరను గోరు కత్తెరతో కొద్దిగా, లోపలి పప్పు తెగకుండా చిట్లించి, రాత్రంతా గోరువెచ్చని నీటిలో నానబెట్టి, తడి పేపర్ టవల్‌లో చుట్టి హీట్ మ్యాట్ మీద పెట్టండి. తెల్లటి వేరు మొన కనపడగానే నాలుగంగుళాల కుండీలోకి మార్చండి. మొలక పైకి వచ్చినప్పుడు పెంకు టోపీలా బీజదళాలకు అంటుకుని ఉంటే లాగవద్దు, తడిపి ఒక పూట ఆగితే అదే ఊడుతుంది.

చిక్కుడు, ఉల్లి గురించి ఎవరూ చెప్పలేదు. మన చిక్కుడు రకాలు చాలావరకు పగటి నిడివి తగ్గితేనే పూస్తాయి. జూన్‌లో హైదరాబాదులో పగలు పదమూడు గంటలు దాటి కాస్త ఉంటే డెట్రాయిట్‌లో 15 గంటలు దాటుతుంది. ఆ పందిరి చిక్కుడు వేసవంతా ఆకులతో కంచెను కప్పేసి, సెప్టెంబరులో పూత మొదలుపెట్టి, కాయ ముదిరేలోపు అక్టోబరు ఫ్రాస్ట్‌కు మాడిపోతుంది. ఎంత ముందుగా నారు పోసినా దీన్ని మార్చలేం. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వారి అర్క జయ్, అర్క విజయ్ పొట్టి రకాలకు పగటి నిడివితో పని లేదు, ఆ కోవకు చెందిన విత్తనం దొరికితేనే వేయండి. గోంగూరకు ఇదే గుణం మేలు చేస్తుంది. పూతకు రాకుండా శరదృతువు దాకా ఆకు ఇస్తూనే ఉంటుంది. ఉల్లి కథ దీనికి తలకిందులు. మన దేశపు ఎర్ర ఉల్లి తక్కువ పగటికే గడ్డ కట్టే రకం కనుక ఇక్కడ మొక్క పెరగకముందే గోలీకాయంత గడ్డ వేసి ఆగిపోతుంది. ఇక్కడ అమ్మే లాంగ్ డే (పగలు ఎక్కువగా ఉన్నప్పుడు గడ్డ కట్టే) రకాలు కొని ఫిబ్రవరిలోనే లోపల విత్తండి. మీరు ఫిబ్రవరిలో మొదలుపెట్టవలసింది అదొక్కటే.

అత్తగారు తెచ్చే విత్తనాల సంగతి. భారతదేశం నుంచి విత్తనాలు తేవాలంటే అక్కడి అధికారులు ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవనే ధ్రువపత్రం) ఉండాలి, లేదా చిన్న మొత్తాల విత్తనాలకు యూఎస్‌డీఏలోని ఎఫిస్ విభాగం ఇచ్చే అనుమతిని ముందుగానే తీసుకుని ఉండాలి. ఆ అనుమతి కింద ఒక్కో ప్యాకెట్‌లో ఒకే జాతివి 50 గింజలు లేదా 10 గ్రాముల వరకే ఉండాలి, శాస్త్రీయ నామం రాసి ఉండాలి, గింజకు పురుగుమందు పట్టించి ఉండకూడదు. అన్ని పంటలూ ఆ అనుమతి కిందికి రావు. టమాటా, మిరప విత్తనాలకైతే ఒక వైరస్ కారణంగా 2019లో విడిగా నిబంధనలు పెట్టారు. సర్టిఫికెట్ గానీ అనుమతి గానీ లేకుండా విత్తనాలు సూట్‌కేసులో పెట్టుకు వస్తే తీసేసుకుంటారు, చెప్పకుండా తెస్తే జరిమానా కూడా పడవచ్చు. పెద్దావిడను విమానాశ్రయంలో ఆ ఇబ్బందిలో పెట్టకండి. పూసా పర్పుల్ లాంగ్ వంగ, పూసా జ్వాల మిరప వంటివి అమెరికాలోనే అమ్మేవారున్నారు, వసంతంలో మన కిరాణా దుకాణాలలో కూడా ప్యాకెట్లు పెడతారు.

పండ్లకు వస్తే పుచ్చలో షుగర్ బేబీ వంటి త్వరగా కాసే చిన్న రకం చూసుకోండి. స్ట్రాబెర్రీ గింజ నుంచి పెంచడం ఓపిక పరీక్ష, ఏప్రిల్‌లో వేర్లతో అమ్మే మొక్కలు కొని నాటడమే తెలివైన పని.

ప్రశ్న అడిగినవారు: నోవై పెరడు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. అత్తగారికి ఫోన్ చేసి ఆవకాయ ఒక్కటి చాలని చెప్పాం. ఒక ర్యాక్ కొని మూడు అరలకు లైట్లు పెడుతున్నాం, కాంటన్ గారి లెక్క ప్రకారం 216 కుండీలు పడతాయి, మాకు అంత అక్కర్లేదు కూడా. బీర ఎలా చేయాలన్న దానిపై మీ ఇద్దరికీ కుదరలేదు కనుక ఆ మాట తేల్చండి. మే నెలలో మొక్కలను ఎండకు అలవాటు చేయాలంటారు, మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లం, పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. అప్పుడెలా?

జవాబు: కాంటన్ తోటమాలి

సొర, దోస విషయంలో ట్రాయ్ వారి మాటే సరైనది, నేరుగా విత్తండి. బీర మాత్రం నేను లోపలే మొదలుపెట్టమంటాను. విత్తాక కాయ కోతకు రావడానికి అరవై, డెబ్బై రోజులు పడుతుంది. జూన్ మొదట్లో నేరుగా విత్తితే మొదటి కాయ ఆగస్టు మధ్యలో కనపడుతుంది, సెప్టెంబరు రాత్రులు చల్లబడగానే కాపు తగ్గిపోతుంది. మూడు వారాల నారు నాటితే జూలై చివరి నుంచే కోసుకోవచ్చు. తీగలు అల్లుకోకుండా కుండీలను ఎడంగా పెట్టి, నాటేటప్పుడు వేరు ముద్ద చెదరకుండా కుండీని బోర్లించి అరచేతిలోకి దింపుకోండి.

ఎండకు అలవాటు చేయడానికి మే మూడో వారాంతం మొదలుపెట్టండి. శని, ఆదివారాలు మీరు ఇంట్లోనే ఉంటారు కనుక మొదటి రోజు గంటసేపు, రెండో రోజు రెండు మూడు గంటలు ఇంటికి ఉత్తరం వైపు నీడలో గాలి నేరుగా తగలని చోట ఉంచండి. సోమవారం నుంచి ఆఫీసుకు వెళ్లేముందు ట్రేలను డెక్ కింద లేదా చెట్టు నీడలో పెట్టి, నిండా నీళ్లు పట్టించి వెళితే సాయంత్రం దాకా ఉంటాయి. ఉదయపు ఎండ మాత్రమే పడే తూర్పు గోడ వారగా బుధవారానికి మార్చవచ్చు. లైట్ల కింద పెరిగిన ఆకు నేరుగా మధ్యాహ్నపు ఎండలో పడితే ఒక్క పూటలో తెల్లటి మచ్చలు వేసి కాగితంలా ఎండిపోతుంది, ఆ మచ్చలు పోవు. ఎండ కంటే గాలి ఇంకా ప్రమాదం, ముఖ్యంగా మిరపకు. రాత్రి 50 డిగ్రీల లోపుకు పడుతుందని వాతావరణ సూచన చెబితే ఆ సాయంత్రం ట్రేలు గరాజ్‌లోకి తెచ్చేయండి.

నాటేటప్పుడు టమాటాను కింది ఆకులు గిల్లేసి మెడ దాకా లోతుగా పాతండి, కాండం పొడవునా వేర్లు వస్తాయి. వంగ, మిరప మాత్రం కుండీలో ఎంత లోతున ఉన్నాయో అంతే ఉంచాలి. వంగను నాటిన రోజునే పలచటి తెల్ల రో కవర్‌తో కప్పి అంచుల మీద మట్టి వేయండి, లేకపోతే ఆవగింజంత నల్లటి ఫ్లీ బీటిల్స్ అనే పురుగులు నాలుగు రోజుల్లో లేత ఆకులను జల్లెడ చేస్తాయి. మొక్క అడుగు ఎత్తు పెరిగి మొదటి పూత కనపడే దాకా ఆ గుడ్డ తీయవద్దు.